నీలం అద్దం వంతు

మా వంటింటి ప్రెస్‌లో, కందిపప్పు డబ్బాకి పై అరలో, ఒక పాత కంప్యూటరు ఉంది. ప్రెస్ అంటే ఇక్కడివాళ్ళ మాటల్లో అలమర. ఐర్లండ్‌లో ముప్పై ఏళ్ళ పైన కాపురం చేశాక నాకూ అదే నోటికొచ్చేసింది. కంప్యూటరు పక్కన బిస్కెట్ల రేకు డబ్బా, అందులో ఫ్లాపీలు. ఒక ఫ్లాపీ మీద నా చేతిరాతతో "నాన్న, ముడి, పాడైంది" అని రాసి ఉంటుంది.

అందులో మా నాన్న ముఖం ఉంది. ఆయన అసలు ముఖం ఉన్న బొమ్మ ఈ లోకం మొత్తానికి అదొక్కటే. మిగతావన్నీ దిద్దినవి. అయితే ఆ ఫ్లాపీలో బొమ్మ ఇంకా ఉందో లేదో నాకు తెలియదు. ఫ్లాపీలు ఇన్నేళ్ళు బతుకుతాయని ఎవరూ పూచీ ఇవ్వరు. బూజు పట్టినదాన్ని డ్రైవులో పెడితే చదవడం మాట అటుంచి, గీసుకుపోయి ఉన్న కాస్తా పోతుంది. జీవితమంతా కంప్యూటర్లలోకి బొమ్మలు ఎక్కించే పనే చేసినదాన్ని కాబట్టి అది నాకు బాగా తెలుసు. అందుకే పెట్టి చూడలేదు. పోయిందని తెలుసుకునేకన్నా ఉందేమోలే అనుకోవడమే నాకు నయంగా ఉండేది.

రిటైరయ్యాక మేం మారిన ఆడమ్స్‌టౌన్‌లో, మా వెనక రోడ్డులో శ్రావ్య అని వరంగల్ అమ్మాయి ఉంటుంది. పాత ఫోటోలని బాగుచేసే సాఫ్ట్‌వేర్ రాసే కంపెనీలో కొత్తగా చేరింది. ఒకరోజు టీ తాగుతూ, "ఆంటీ, మీరు గీ పని ఎప్పటిసంది చేసిన్రు?" అని అడిగింది. చెప్పడం మొదలుపెడితే టీ చల్లారిపోయింది. "గిదంత రాసిపెట్టున్రి ఆంటీ. మా అసొంటోళ్ళకి ఎవ్వరు చెప్తలేరు" అంది. సరేనని కూర్చున్నాను. నాకు ఎప్పుడు ప్రమోషన్ వచ్చిందో, ఎవరు సంతకం పెట్టలేదో ఇందులో ఉండవు. అవి నాకే విసుగు.

పెన్సిలు ముల్లు

మా నాన్నకి ఏలూరులో ఫోటో స్టూడియో ఉండేది. నేను కాకినాడలో ఎలక్ట్రానిక్స్‌లో డిప్లొమా చదివినా, అసలు చదువు ఆ చీకటిగదిలోనే అయింది.

నాన్నకి చిన్నప్పుడు అమ్మవారు పోసింది. ముఖం నిండా మచ్చలు. అందుకే కాబోలు, మచ్చలు తీసెయ్యడంలో జిల్లా మొత్తానికి ఆయన్ని మించినవాడు లేడు. నెగటివ్‌ని గాజుబల్ల మీద పెట్టి, కింద అద్దంతో వెలుతురు పట్టి, ముల్లులా చెక్కిన పెన్సిలుతో చుక్కలు పెట్టేవాడు. దాన్ని టచింగ్ అంటారు. ఎండకి మాడిన పెళ్ళికూతుర్ని మల్లెపువ్వు చేసేవాడు. ముసలాళ్ళ నుదుటి గీతలు తుడిచేసేవాడు. ఫోటో ఎలా ఉందో చూసి జనం మురిసిపోయేవాళ్ళు. అలా ఉన్నామా లేదా అని ఎవరూ అడిగేవాళ్ళు కాదు.

ఆయన తన ఫోటోల్ని కూడా వదల్లేదు. పెళ్ళికి ముందు అమ్మావాళ్ళకి పంపిన ఫోటోలో ఒక్క మచ్చ లేదు. ఆ రోజుల్లో పెద్దవాళ్ళే చూసి ఖాయం చేసేవాళ్ళు కదా, పీటల మీద తెర తీశాకగానీ అమ్మ ఆయన్ని చూడలేదు. పక్కనున్న పిన్నితో చెవిలో, "ఫోటోలో ఆయన రాలేదా?" అని అడిగిందట. మా ఇంట్లో ఈ మాట తలుచుకుని నవ్వని పండగ లేదు. అందరికన్నా ఎక్కువ నాన్నే నవ్వేవాడు. నవ్వుతూనే మళ్ళీ వెళ్ళి పెన్సిలు చెక్కుకునేవాడు.

స్టూడియోలో ఎవరిని కూర్చోబెట్టినా ఆయన మాటలు ఒకటే. "గడ్డం కొంచెం కిందకి. ఊపిరి బిగబట్టండి. కదలొద్దు." క్లిక్కుమనగానే, "అయింది. ఇంక కదలొచ్చు." చిన్నప్పుడు మేము దొంగాపోలీసు ఆడుకున్నా ఆ మాటలే వాడేవాళ్ళం.

టీవీకి తగిలించే కంప్యూటరు

ఎనభైల చివర్లో మావారు ఐర్లండ్ వాయవ్య మూల డోనెగాల్ జిల్లాలో, లెటర్‌కెన్నీ ఆసుపత్రిలో డాక్టరుగా చేరారు. ఆరునెలలకోసారి కొత్త కాంట్రాక్టు. ఎప్పుడు పెట్టె సర్దమంటారో తెలియదు. ఆయన డ్యూటీకి పోతే నాకు కిటికీలోంచి వాన చూడటమే పని. చూసి చూసి విసుగెత్తి, ఒకరోజు గొడుగు వేసుకుని మెయిన్ స్ట్రీట్‌లో ఉన్న ప్రింటింగ్ షాపులోకి వెళ్ళి, పని ఉందా అని అడిగాను.

ఓనరు డెక్లన్. పొడుగాటి మనిషి. కొత్త యంత్రం కనిపిస్తే కొనకుండా ఉండలేడు, కొన్నాక దాని పుస్తకం తెరవడు. ఆ వారమే ఒక హోమ్ కంప్యూటర్ కొన్నాడు. దానితోపాటు బొమ్మల్ని లోపలికి ఎక్కించే చిన్న పెట్టె, ఒక బ్లాక్ అండ్ వైట్ వీడియో కెమెరా. అన్నీ అట్టపెట్టెల్లోనే ఉన్నాయి. నా డిప్లొమా సంగతి వినగానే, "ఆ పెట్టెలు విప్పు, విజ్. అవి పనిచేస్తే నీకూ పని ఉన్నట్టే" అన్నాడు. విజయలక్ష్మి అనే పేరు ఆయన నోట్లో విజ్ దగ్గరే ఆగిపోయింది.

ఇప్పటి పిల్లలకి ఆ పద్ధతి చెప్తే నమ్మరు. కెమెరాకి రంగులు తెలియవు. అందుకని దాని ముందు ఎర్ర అద్దం పెట్టి ఒకసారి, ఆకుపచ్చ అద్దం పెట్టి ఒకసారి, నీలం అద్దం పెట్టి ఒకసారి, మూడుసార్లు ఒకే బొమ్మని తియ్యాలి. అద్దాల చక్రం చేత్తో తిప్పాలి. ఒక్కో అద్దానికి పదిహేను సెకన్లదాకా పట్టేది. టీవీ తెర మీద బొమ్మ ఎడమ నుంచి కుడికి సన్నటి పట్టీలుగా, తడిక అల్లినట్టు వచ్చేది. మూడూ కలిపితే రంగు. ఈ మూడింటి మధ్యలో ఏదైనా వెంట్రుకవాసి కదిలిందా, అంచులకి రంగులు కారిపోయేవి.

మొదటిసారి డెక్లన్ టీకప్పు బొమ్మ తీశాను. రంగుల్లో కప్పు కనిపించగానే ఆయన కుర్చీ లాక్కుని కూర్చుని అరగంట అలాగే చూశాడు. అసలు కప్పు పక్కనే ఉంది, దాని వంక చూడలేదు. నేనూ అంతే. ఆ తరవాత ఎన్నో గొప్ప యంత్రాలు చూశానుగానీ, ఆ కప్పు దగ్గర కలిగిన సంతోషం మళ్ళీ కలగలేదు. చెప్పుకోవడానికి సిగ్గెందుకు, ఆ రాత్రి మావారికి కూరలో ఉప్పు మర్చిపోయి కప్పు కథ చెప్పాను.

ఇంకోమాట. ఆ బొమ్మని అచ్చువెయ్యాలంటే సరైన దారి లేదు. తెర మీద బొమ్మని గది చీకటి చేసి మళ్ళీ మామూలు కెమెరాతో ఫోటో తీసేవాళ్ళం. నవ్వకండి, మాకు తెలిసింది అదే.

ఆకుపచ్చ ఫాదర్

మొదటి తప్పు వానది. అక్కడి చర్చి ఫాదర్‌ గారికి పాతికేళ్ళ సేవ పూర్తయిందని కార్డు వెయ్యాలి. ఆయన్నే తెచ్చి కెమెరా ముందు కూర్చోబెట్టాం. కిటికీ వెలుతురు బాగుంది కదా అని లైట్లు కూడా వెయ్యలేదు. డోనెగాల్ ఆకాశాన్ని నమ్మిన వెర్రిబాగులదాన్ని నేను. ఎర్ర అద్దం అప్పుడు మబ్బు. ఆకుపచ్చ అద్దం అప్పుడు ఫెళ్ళున ఎండ. నీలం అద్దానికి మళ్ళీ వాన. మూడూ కలిపేసరికి ఫాదర్ గారు పచ్చటి కాకరకాయ రంగులో నవ్వుతూ ప్రత్యక్షమయ్యారు.

ఆయన కళ్ళజోడు సర్దుకుని తాపీగా చూసి, "దీన్ని పారెయ్యకమ్మా. సెయింట్ ప్యాట్రిక్స్ డేకి పనికొస్తుంది" అన్నారు. ఆ పండగకి ఇక్కడ ఊరంతా ఆకుపచ్చే.

ఆ మర్నాడే కిటికీకి నల్లదుప్పటి కొట్టాను. వెలుతురు నీ చేతిలో ఉంచుకో, ఆకాశం చేతిలో పెట్టకు. ఈ పనిలో నేను నేర్చుకున్న మొదటి సంగతి ఇది. ఇప్పటి కెమెరాలకీ ఇదే వర్తిస్తుంది, ఎవరెన్ని చెప్పినా.

"ఎవరీయన?"

రెండో తప్పు నాది. అది ఇప్పటికీ గుచ్చుకుంటుంది.

అక్కడ మనిషి పోయిన నెలకి చర్చిలో ప్రార్థన పెడతారు. మన మాసికం లాంటిదే. ఆ రోజుకి పోయినవాళ్ళ ఫోటో, ప్రార్థన అచ్చువేసిన చిన్న కార్డులు పంచుతారు. జనం వాటిని ప్రార్థన పుస్తకాల్లో దాచుకుంటారు. ఏళ్ళ తరబడి ఆ ముఖాన్నే చూసుకుంటారు. మా షాపుకి అన్నం పెట్టింది ఆ కార్డులే.

మిసెస్ గాలహర్ అని అరవై ఏళ్ళావిడ వచ్చింది. భర్త హ్యూవీ గుండెపోటుతో పోయాడు. చేపల పడవ మీద పనిచేసిన మనిషి. ఫోటో అంటే ఆమడ దూరం పారిపోయేవాడట. టోపీ లేకుండా ఉన్న ఫోటో ఒకే ఒక్కటి, గ్లాస్గోలో ఉండే ఆయన చెల్లెలి కూతురి పెళ్ళిలో తీసినది. చెల్లెలు అంత్యక్రియలకి వచ్చినప్పుడు తెచ్చింది. ఒక్కపూటకే మా షాపుకి ఇచ్చి, కంప్యూటర్‌లోకి ఎక్కించుకోమని చెప్పి, సాయంత్రం పడవకి తీసుకుని వెళ్ళిపోయింది.

బొమ్మ శుభ్రంగా ఎక్కింది. మూడు అద్దాలూ కుదిరాయి. ఇక నేను నాన్న కూతుర్ని కదా, ఊరుకుంటానా? చెంప మీద అడ్డంగా ఒక గీత ఉంది. ఫోటో మీద పడిన గీతేమో అనుకున్నాను. అలా అనుకున్నానని అప్పట్లో చెప్పుకున్నాను. నిజం చెప్పాలంటే అది ముఖం మీదిదే అని నాకు కొంత తెలుసు. తెలిసినా తీసేశాను. తీసెయ్యడమే మర్యాద అని నేను పెరిగాను. ఎడం కనుబొమ్మ మధ్యలో తెగి ఉంటే చుక్కలు పెట్టి కలిపాను. ఉప్పుగాలికి కమిలిన చర్మాన్ని తేట చేశాను. రెండు రోజులు కళ్ళలో వత్తులు వేసుకుని చేశాను. ఫ్లాపీలో చోటు లేకపోతే, అసలు బొమ్మ మీదే దిద్దిన బొమ్మని రాసేశాను.

బుధవారం ఆవిడ వచ్చింది. ఆదివారం ప్రార్థన. డెక్లన్ ఎంతో గర్వంగా అచ్చు చూపించాడు. ఆవిడ దాన్ని వెలుతురులోకి పట్టుకుని చాలాసేపు చూసింది.

"గ్రాండ్‌గా ఉన్నాడు మనిషి," అంది. "ఎవరీయన?"

డెక్లన్ హాస్యం అనుకుని నవ్వబోయాడు. ఆవిడ ముఖం చూసి ఆపేశాడు.

"మా హ్యూవీకి చెంప మీద తాడు కోసిన గాటు ఉంటుంది" అంది ఆవిడ, కోపం లేకుండా. "కనుబొమ్మ కూడా ఆ రోజే తెగింది. రేవులో చేపలు కోసే షెడ్డులో పనిచేసేదాన్ని. రక్తం కారుతూ వచ్చాడు. నేనే కట్టు కట్టాను. అంతకుముందు మేం ఒక్క మాట మాట్లాడుకోలేదు."

తీసేసింది నేనేనని చెప్పాను. మరి వెనక్కి పెట్టు అంది. పెట్టడానికి అసలు బొమ్మ లేదని చెప్పాను. గ్లాస్గో నుంచి పోస్టు ఆదివారానికి అందదు. ఆవిడ కుర్చీలో కూలబడింది. "నెల రోజులే అయింది. అప్పుడే ఆయన ముఖం లేకుండా పోయిందా" అని మెల్లగా అంది. నన్ను తిట్టి ఉంటే బాగుండేది.

కాసేపటికి ఆవిడే లేచి తెర దగ్గరికి కుర్చీ జరుపుకుంది. "నేను చెప్తాను, నువ్వు పెట్టు" అంది.

అలా మొదలుపెట్టాం. ఆవిడ టీవీ అద్దం మీద వేలు పెట్టి చూపిస్తే, అద్దం మీది కరెంటుకి వేలికింద చిటపటలాడేది. నేను ఒక్కో చుక్క పెట్టేదాన్ని. "కొంచెం కిందకి. అంత తిన్నగా కాదు. ఇక్కడ కొద్దిగా వెడల్పు, కుట్లు సరిగా పడలేదు." డెక్లన్ రెండుసార్లు టీ పెట్టి తెచ్చాడు, రెండుసార్లూ చల్లారిపోయింది. షాపు మూసే వేళకి కనుబొమ్మ మధ్యలో ఆఖరి చుక్క చెరిపాను. ఆవిడ వెనక్కి వాలి, "అదిగో, వచ్చాడు" అంది. కొంగు లాంటిది ఏదీ లేక కోటు చేతితోనే కళ్ళు తుడుచుకుంది. నేనూ ఏడ్చాను. డెక్లన్ కప్పులు కడిగే నెపంతో లోపలికి వెళ్ళిపోయాడు.

కార్డులు శనివారానికి అందాయి. పై వారం, నేను రాసి అడిగితే, గ్లాస్గో నుంచి షాపుకి ఫోటో వచ్చింది. రెండూ పక్కపక్కన పెట్టి చూశాను. ఆవిడ పెట్టించిన గాటు అసలుదానికన్నా రెండు చుక్కలు పైన ఉంది, కొంచెం పొడుగు కూడా. ఆవిడకి చెప్పలేదు. ఇప్పటికీ చెప్పకపోవడమే సరైనదనుకుంటాను. కానీ నాకు మాత్రం చెప్పుకున్నాను. ఆవిడకే అంత ప్రేమతో గుర్తున్నది కూడా రెండు చుక్కలు తప్పితే, ముక్కూమొహం తెలియని నేను దిద్దడానికి ఎవర్ని?

ఆ రోజు నుంచి ఒక నియమం పెట్టుకున్నాను. యంత్రం చూసింది చూసినట్టు ముందు ఒక ఫ్లాపీలో భద్రం చెయ్యాలి. ఎర్ర అద్దంది, ఆకుపచ్చ అద్దంది, నీలం అద్దంది వేరువేరుగా. దాన్ని ముడిబొమ్మ అనేదాన్ని. బాగుందా, పాడైందా అన్నది అనవసరం, ముడిబొమ్మని చెరపకూడదు. డెక్లన్ గొణిగేవాడు. "విజ్, నువ్వు చెత్త కూడా దాచుకుంటావు" అనేవాడు. అంటూనే బిస్కెట్ల డబ్బా ఖాళీ చేసి ఇచ్చాడు. తొందర మనిషేగానీ, తప్పు నాదేనని నేను ఒప్పుకున్నా, గాలహర్ గారి ముందు అందులో తనకీ భాగముందన్నాడు. అటువంటి బాసులు నాకు తరవాత ఇద్దరే దొరికారు.

నాన్న కూర్చున్న రోజు

ఆ మరుసటి వేసవిలో నాన్న మూడు నెలలు ఉండటానికి వచ్చాడు. వేసవి అంటే క్యాలెండరులో. ఆయన మంకీక్యాపు తియ్యలేదు. ఇంట్లో కూర్చోలేక రోజూ నాతో షాపుకి వచ్చేవాడు. డెక్లన్‌కి తెలుగు రాదు, నాన్నకి ఆ ఇంగ్లీషు అర్థంకాదు, ఇద్దరూ కెమెరా లెన్సు చూపించుకుంటూ గంటలు గడిపేసేవాళ్ళు.

ఒకరోజు పని తక్కువగా ఉంటే, "నాన్నా, నువ్వు కూర్చో. నీది తీస్తా" అన్నాను.

ఆయన సిగ్గుపడ్డాడు. జీవితమంతా కెమెరా వెనక ఉన్న మనిషి. సరే అని మంకీక్యాపు తీసి, జుట్టు దువ్వుకుని కూర్చున్నాడు. కూర్చున్నవాడు ఊరుకోడుగా. "ఆ లైటు అక్కడ పెట్టావేంటే? ముక్కు నీడ పెదవి మీద పడట్లేదూ? ఇటు జరుపు. నేను నేర్పింది ఇదేనా?" జరిపాను. ఆయన అన్నదే నిజం.

"గడ్డం కొంచెం కిందకి," అన్నాను. "ఊపిరి బిగబట్టక్కర్లేదుగానీ, కదలొద్దు. మూడుసార్లు."

ఎర్ర అద్దం. రాయిలా కూర్చున్నాడు. చక్రం తిప్పాను. ఆకుపచ్చ అద్దం. రెప్ప కూడా వెయ్యలేదు. మళ్ళీ తిప్పాను. నీలం అద్దం. పట్టీలు సగందాకా వచ్చాయి, సరిగ్గా నోటి దగ్గరికి.

"అయిందా అమ్మా?" అన్నాడు నాన్న.

నాకు ఒళ్ళు మండింది. "కదిలావు. ఊరందర్నీ కదలొద్దని నలభై ఏళ్ళు చెప్పి, నువ్వే కదిలావు. పాడైంది."

"అబ్బే, ఎంతసేపే?" అని నవ్వేశాడు. "పాపం జనం నా దగ్గర ఇంత యాతన పడ్డారన్నమాట."

రంగు కలిపి చూపించాను. తెర మీద తన ముఖం చూసి నవ్వు ఆపేశాడు. వెలుతురు ఆయన పెట్టించిందే, చాలా బాగా పడింది. అందుకే ప్రతి మచ్చా కనిపించింది. తల పక్కకి తిప్పుకుని, "ఆ మచ్చలు తియ్యి" అన్నాడు.

"ఉంటే ఏమైంది నాన్నా? ఉన్నవేగా."

"మీ అమ్మకి పంపినదాంట్లో లేవు, ఇప్పుడెందుకే? తీసెయ్యి."

గాలహర్ గారి సంగతి చెప్పాను. శ్రద్ధగా విన్నాడు. "ఆ గాటు ఆయన పనిలో తెచ్చుకున్నది. చూసి పెళ్ళాం ముచ్చటపడింది. నావి చూసి బళ్ళో పిల్లలు పక్కన కూర్చునేవాళ్ళు కాదు" అన్నాడు. అంతకుముందు ఆ మాట ఎప్పుడూ చెప్పలేదు. చక్రాన్ని మళ్ళీ ఎర్ర అద్దానికి తిప్పాను.

రెండోసారి కూర్చున్నాడు. ఈసారి మూడు అద్దాలకీ బొమ్మలా ఉన్నాడు. ఆ బొమ్మని ఇద్దరం కలిసి దిద్దాం. "కుడి చెంప మీద ఇంకోటుంది చూడు" అని ఆయనే చూపించాడు, పెన్సిలు పట్టుకున్నట్టు వేళ్ళు ముడిచి. దిద్దిందే ఆయనకి కావాలి, దిద్దిందే ఇచ్చాను. రెండోదాని ముడిబొమ్మ కూడా తనే దగ్గరుండి చెరిపించాడు. నా నియమం తప్పింది ఆ ఒక్కసారే. మొదటిది పాడైందిగా, అది ఎలాగూ పనికిరాదని వదిలేశాడు. నేను మూడు అద్దాలూ ఫ్లాపీలో వేసి, "పాడైంది" అని రాసి, డబ్బాలో పడేశాను.

దిద్దిన బొమ్మని ఏలూరు తీసుకెళ్ళి, కంప్యూటర్ ఫోటో అని చెప్పి స్టూడియోలో అందరికీ కనబడేలా కట్టించాడు. రెండేళ్ళ తరవాత ఆయన పోయినప్పుడు నేను పదకొండో రోజుకిగానీ చేరలేకపోయాను. దండ వేసి, బొట్టు పెట్టి ఆ ఫోటోనే ఉంచారు. వచ్చినవాళ్ళంతా ఎంత కళగా ఉన్నాడో అంటున్నారు. నేను ఎదురుగా నిలబడ్డాను. నునుపుగా, తెల్లగా, ఎవరో పెద్దమనిషి. నా చేత్తో నేను చేసిన బొమ్మే. ఏడుపు రావడానికి ఆ ముఖంలో నాకు పట్టు దొరకలేదు. గాలహర్ గారు ఆ రోజు ఏం చూసిందో అప్పుడు అర్థమైంది.

ఇంట్లో ఆల్బమ్‌లన్నీ వెతికాను. నాన్న ఉన్న ప్రతి ఫోటో ఆయన చేతిమీదుగా పోయిందే. ఒక్క మచ్చ మిగల్లేదు. మిగిలిందల్లా లెటర్‌కెన్నీలో ఒక ఫ్లాపీ.

తిరిగొచ్చాక చూడొచ్చు కదా అంటారు. ముందు ధైర్యం లేకపోయింది. తరవాత ఊరు మారడం, పిల్లలు, తీరిక లేకపోయింది. ఊరు మారేటప్పుడు డెక్లన్ ఆ పాత కంప్యూటర్నీ ఫ్లాపీల డబ్బానీ నాకే ఇచ్చేశాడు. ఆ తరవాత భయం పట్టుకుంది.

గాల్వేలో ఒక గీత

మావారికి గాల్వేలో స్థిరమైన ఉద్యోగం వచ్చాక, నేను వైద్య పరికరాలు చేసే ఒక కంపెనీలో చేరి అక్కడే రిటైరయ్యాను. రక్తనాళాల్లోకి పంపే సన్నటి గొట్టాలని కెమెరాతో పరీక్షించే పని. ఆ ఏళ్ళ గురించి ఒక్క సంగతి చాలు.

ఒక మేనేజరు ఉండేవాడు. బొమ్మలు శుభ్రంగా కనిపించాలని ఆయన పట్టు. దుమ్ముచుక్కలు అవే పోయేలా ప్రోగ్రాంలో ఒక మెట్టు పెట్టించాడు. నిజంగానే బొమ్మలు తళతళలాడాయి. నాకు మాత్రం ఆ నునుపు చూస్తే ఏలూరులో దండ వేసిన ఫోటో గుర్తొచ్చేది. ముడిబొమ్మలు చూపిస్తేనే సరుకు పంపడానికి సంతకం పెడతానన్నాను. మొండిదాన్నని పేరొచ్చింది. చివరికి తెప్పించి చూస్తే, ఒక గొట్టం మీద వెంట్రుకలాంటి పగులు ఉంది. శుభ్రమైన బొమ్మలో అది లేదు. ఆ పెట్టె బయటికి వెళ్ళకుండా ఆగింది. మేనేజరు నాకు థాంక్స్ చెప్పలేదు, ఆ మెట్టు మాత్రం తీయించాడు.

కొత్తగా చేరే పిల్లలకి నేను చెప్పేది అంతే. బొమ్మని అందంగా చెయ్యడం తప్పని అనను. మా నాన్న బతుకంతా అదే చేశాడు, ఎంతోమందికి సంతోషమిచ్చాడు. కానీ దిద్దేముందు, ఏం పోగొడుతున్నావో దాన్ని ఎక్కడైనా దాచు. అది ఎవరికి కావలసి వస్తుందో నీకు తెలియదు.

ప్రెస్ తెరిచిన శనివారం

ఇంతవరకు రాసింది శ్రావ్య చదివింది. చదివి, "మరి చూస్తలేరేంది ఆంటీ?" అంది. మరుసటి శనివారం మధ్యాహ్నం పాతసామాన్ల కొట్టులో ఒక బుడ్డి టీవీ కొని మోసుకొచ్చింది.

కంప్యూటర్ని వంటబల్ల మీద పెట్టాం. ముందు దేని మీదైనా పరీక్షించాలని ఆకుపచ్చ ఫాదర్ గారి ఫ్లాపీ పెట్టాను. నుదురు దాకా వచ్చింది, చెంప దాకా వచ్చింది, డ్రైవు కీచుమని ఆగిపోయింది. మళ్ళీ రాలేదు.

శ్రావ్య నా వంక చూసింది. "ఆపుదామా ఆంటీ? పరవాలేదు."

నేను పోయాక పిల్లలు ఈ డబ్బాని ఎలాగూ స్కిప్‌లో, అదే పెద్ద చెత్తతొట్టిలో, పారేస్తారు. డ్రైవు తల దూదితో తుడిచి, నాన్న ఫ్లాపీ పెట్టాను.

ముందు ఎర్ర అద్దం బొమ్మ. టకటకమని చదివింది. తెర మీద బూడిదరంగులో నాన్న నుదురు, ముక్కు, చెంపలు, చెంపల మీద మచ్చలు, అన్నీ వచ్చాయి. శ్రావ్య నా భుజం పట్టుకుంది. తరవాత ఆకుపచ్చ. అదీ వచ్చింది. నీలం దగ్గర డ్రైవు మొరాయించింది. గరగరమని ఆగింది, మళ్ళీ మొదలైంది, మళ్ళీ ఆగింది. నేను ఊపిరి బిగబట్టానని నాకు తరవాత తెలిసింది. ఇంకోసారి గరగరమని, చదివేసింది.

మూడూ కలిపాను. పట్టీ తరవాత పట్టీగా నాన్న రంగుల్లోకి వచ్చాడు. అదే ముఖం. నా చిన్నప్పుడు ఒళ్ళో కూర్చుని వేలితో లెక్కపెట్టిన మచ్చలు.

"ముందు ఫోన్‌తో ఫోటో తియ్యి" అన్నాను. అప్పుడు చేసిన పనే, ఇప్పుడూ అదే దారి. శ్రావ్య నాలుగైదు తీసింది. తెరకి దగ్గరగా వంగి చూసింది.

"గీ పెదవి కాడ నీలం మరక పడ్డది ఆంటీ. ఒక్క నిమిషంల తీసేస్త."

"ముట్టుకోకు."

ఉలిక్కిపడి వెనక్కి తగ్గింది. అది మరక కాదని చెప్పాను. ఎరుపులో, ఆకుపచ్చలో నాన్న నోరు మూసుకునే ఉంది. నీలంలో మాత్రం తెరుచుకుంది. ఆ నీలం నీడ దగ్గర ఆయన నాతో మాట్లాడుతున్నాడు. అయిందా అమ్మా అని అడుగుతున్నాడు. ఆ రోజు నేను కోప్పడ్డానేగానీ, అడిగినదానికి బదులు చెప్పలేదు.

శ్రావ్య కుర్చీ నా పక్కకి జరిపింది. నేను తెర మీద, నోటి దగ్గర, వేలు పెట్టాను. చిటపటలాడింది.

"అయింది నాన్నా," అన్నాను. "ఇంక కదలొచ్చు."